ముసురు రోజుల్లో పెద్దమ్మ కట్టిన రంగులు

పెద్దమ్మ సంవత్సరీకానికి వరంగల్‌లోని కొత్తవాడ వెళ్ళాను. కార్యం అయింది, భోజనాలు అయ్యాయి. చుట్టాలు ఒక్కొక్కరే బస్టాండుకూ స్టేషనుకూ బయలుదేరాక వదినె లోపలి అర్రలోంచి పాత ఇనుప సందూకను బయటికి గుంజింది. "అత్తమ్మవి ఇందులనే ఉన్నయి. నీకేమన్న కావాలంటే తీసుకో" అంది. మూత ఎత్తగానే ముందు నాఫ్తలిన్ గోలీల వాసన వచ్చింది. వెంటనే గొర్రె ఉన్ని వాసన, వానలో నానిన గొంగడి దగ్గర వచ్చేది. ఆ రెండింటి అడుగున కొద్దిగా కొబ్బరినూనె. బట్టలు తీసి చూడకముందే లోపల ఏముందో నాకు తెలిసిపోయింది.

అట్టడుగున, ఒక పాత వాయిలు చీర ముక్కలో చుట్టిపెట్టిన ఊలు తోరణం ఉంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో ముక్కోణపు ఆకులు. ఒక్కో ఆకు కొసకు ఒక ఊలు బంతి. ఆకు నడుమ చిన్న అద్దం బిళ్ళ. రెండు చివర్లా రెండు తెల్ల హంసలు, వాటికి గొర్రె ఉన్నితో అల్లిన నల్లటి కళ్ళు. పండుగ కోసం అల్లింది కాదు ఇది. ముసురు కోసం అల్లింది. మా వాడలో వేరే ఎవరింట్లోనూ లేని ఆచారం అది, పెద్దమ్మ పెట్టిన ఆచారం. దాని గురించి ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నాను.

* * *

అప్పటి ముసురు ఎట్లా ఉండేదో ముందు చెప్పాలి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. పక్కనే భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లిని వాగు ముంచేసింది. ఆ వాన వేరు. అది వస్తే మనుషులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తుతారు. ముసురుకు అంత బలం లేదు. అది సన్నగా పడుతుంది, పొద్దున పడుతుంది, రాత్రి పడుతుంది, ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలవుతుంది. రోజుల తరబడి ఎండ మొహం కనపడదు. మధ్యాహ్నం అయిందో సాయంత్రం అయిందో తెలియదు. సున్నం గోడలు నాచు పట్టి నల్లబడతాయి. దండెం మీద బట్టలు ఆరవు, ముక్క వాసన వస్తాయి. బియ్యంలో పురుగు, ఉప్పులో నీళ్ళు, అగ్గిపెట్టె గీస్తే అంటుకోదు.

పునర్వసు, పుష్యమి కార్తెల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు నడిచిందంటే, ఇటు ఆదిలాబాద్ నుంచి వరంగల్ దాకా మొగులు కమ్ముకునేది. రేడియోలో ప్రాంతీయ వార్తలు వస్తుంటే పెద్దబాపు చెయ్యెత్తి అందరినీ మాట్లాడకుండా ఆపేవాడు. అల్పపీడనం అని వినపడగానే ఆయన చూపు మగ్గం గుంట మీదికి పోయేది.

మా బాపుది సింగరేణిలో ఉద్యోగం, మందమర్రిలో. చదువు కోసం నన్ను పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. పెద్దమ్మ వాళ్ళది జంపఖానాలు నేసే ఇల్లు. గుంట మగ్గం అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, పలకలు తొక్కుతూ నెయ్యాలి. ముసురు పట్టిన రెండో రోజుకో మూడో రోజుకో ఆ గుంటలో నీళ్ళు ఊరేవి. ముందు తేమగా, తర్వాత మడమల దాకా. పెద్దబాపు చెంబుతో తోడి పోస్తే పొద్దుటికి మళ్ళీ అంతే. రంగులద్దిన నూలు కర్రల మీద వేలాడుతూ ఉండేది, ఆరేది కాదు. పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పెట్టి వీధి పొడుగునా చాచి ఆరబెట్టే పని అసలే కుదరదు. మగ్గం నడవకపోతే కూలి లేదు. కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం నిండేది.

మామూలు రోజుల్లో కొత్తవాడలో తెల్లవారకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో. ఆ చప్పుడు మధ్య పుట్టి పెరిగిన వాళ్ళకు అది వినపడదు, ఆగినప్పుడే తెలుస్తుంది. ముసురులో వాడంతా ఆగిపోయేది. పెంకల మీద వాన, చూరు నుంచి కారే నీళ్ళు, ఎవరింట్లోనో దగ్గు. మగవాళ్ళు అరుగుల మీద మోకాళ్ళు కావలించుకుని కూర్చునేవారు, ఒకరితో ఒకరు మాట్లాడేవాళ్ళు కాదు. పిల్లలం కాబట్టి మాకు బడికి సెలవిస్తే సంతోషమే కానీ, ఇంట్లో ఆ మౌనం మాకూ బరువుగానే ఉండేది.

అట్లాంటి రోజున పెద్దమ్మ ఊలు సంచి దించేది.

* * *

అల్లిక ఆమెకు నేర్పింది ఒక క్రాఫ్ట్ టీచరమ్మ. పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండేది, ఆడపిల్లల బడిలో పనిచేసేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని స్వెటర్ అల్లుతుంటే పెద్దమ్మ పక్కన చేరి చూసిందట. ఒక ఉల్టా కుట్టు, ఒక సీదా కుట్టు. చదువు రాని పెద్దమ్మకు ఆ లెక్క వెంటనే పట్టుబడింది. జంపఖానాలో పూలు, గళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ తిరగాలో పోగుల లెక్కతో చూసే ఇంటి మనిషి ఆమె. కుట్ల లెక్క ఆమెకు కొత్త కాదు.

టీచరమ్మ స్వెటర్ అల్లుకొమ్మంది. పెద్దమ్మకు స్వెటర్ మీద మనసు పోలేదు. "వరంగల్ల చలి ఎన్నొద్దులుంటది టీచరమ్మా? మాకు కష్టం చలికాలంల కాదు, ముసురుల" అందట. ఆ మాట టీచరమ్మే తర్వాత మా అమ్మకు చెప్పింది, అమ్మ నాకు చెప్పింది.

మొదట కొత్త ఊలు కొనే స్తోమత లేదు. జంపఖానా నేసి మగ్గం మీంచి కోసేటప్పుడు పడుగు చివర మూరెడు నూలు మిగిలిపోతుంది. దానితో ఇంకేం నెయ్యలేరు. అడ్డ పోగు చుట్టే పేక కండెల మీద కూడా అడుగున కొంచెం కొంచెం ఉండిపోతుంది. ఆ కొసలన్నీ పెద్దమ్మ రంగు రంగుకు వేరు చేసి, ముడివేసి, ఉండలు చుట్టి పెట్టుకునేది. ముడి తిరుగు వైపుకు పోయేలా అల్లేది, ముందు నుంచి చూస్తే కనపడేది కాదు. ఆ లావు నూలుకు అంగట్లో దొరికే సూదులు సరిపోవు. మేదరి వాళ్ళ దగ్గర వెదురు పుల్లలు చెక్కించుకుని, గరుకు కాగితంతో రుద్ది, కొబ్బరినూనె పట్టించి ఎండలో పెట్టేది. సందూకలో వచ్చిన ఆ నూనె వాసన ఆ సూదులదే. హంసల లాంటి సన్న పనికి సైకిల్ పుల్లలు. రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది పుల్ల, కొట్లో అడిగితే 14 నంబరు సూది అదే. ఈ సూదుల నంబర్లు తిరగేసి ఉంటాయి. నంబరు పెరిగితే సూది సన్నం. 10 నంబరు మూడుంపావు మిల్లీమీటర్లు, 8 నంబరు నాలుగు. సైకిల్ షాపులో వంకర పోయిన చక్రాల్లోంచి పుల్లలు అడిగి తేవడం నా పని. కొసను రాతి మీద నూరి గుండ్రం చేసేది పెద్దబాపు. ముసురులో ఆయన చేతికి దొరికిన పని అదొక్కటే. చాలా శ్రద్ధగా చేసేవాడు, కొసను బుగ్గకు ఆనించి చూసుకునేవాడు.

నూలు తోరణం మొదటి ఏడే ఒక ఇబ్బంది పెట్టింది. దర్వాజకు కట్టిన రెండో రోజు జల్లు కొట్టి ఎరుపు రంగు వదిలింది. తెల్లటి సున్నం గోడ మీద పొడుగ్గా ఎర్రటి చారలు. శకునం బాగాలేదని పక్కింటి ముసలమ్మ గొణిగింది. పెద్దమ్మ మాట్లాడకుండా తోరణం విప్పి, ఎరుపు ఆకులు రెండూ తీసేసి, మిగతాది మళ్ళీ కట్టింది. ఆ తర్వాత నుంచే ఎరుపుకు మాత్రం అంగడి ఊలు. లూధియానా నుంచి వచ్చే వర్ధమాన్, ఓస్వాల్ లచ్చీలు. వానకు తడిసినా రంగు దిగేది కాదు. ఒక్కో ఏడు ఒక్కో రంగు కొంటూ పోయింది, కొన్నేళ్ళకు తోరణమంతా ఊలే అయింది.

* * *

ఎరుపు కొన్న రోజు నాకు బాగా గుర్తుంది.

తొలకరి పడ్డాక నేల మీదికి ఆరుద్ర పురుగులు వస్తాయి. మఖమల్ గుడ్డతో కుట్టినట్టుండే ఆ ఎరుపు ఇంకెక్కడా ఉండదు. మా వాడ వెనక ఖాళీ జాగాలో ఒకటి దొరికితే అగ్గిపెట్టెలో గడ్డి వేసి పెట్టుకున్నాను. పెద్దమ్మ చూసి, "దాన్ని పట్టుకునే రా" అని చౌరస్తా దగ్గరి ఊలు కొట్టుకు తీసుకుపోయింది. కొట్టాయన ఎరుపు లచ్చీలు నాలుగైదు రకాలు అద్దం బల్ల మీద పరిచాడు. ఒకటి రక్తం రంగు, ఒకటి కుంకుమ, ఒకటి పండు మిరప. పెద్దమ్మ అగ్గిపెట్టె తెరిచి పురుగును బల్ల మీద వదిలింది. అది ముడుచుకుని కాసేపు కదల్లేదు. తర్వాత నెమ్మదిగా కాళ్ళు చాచి నడుస్తూ లచ్చీల మధ్యకు వచ్చింది. పెద్దమ్మ వంగి, పురుగును చూస్తూ, లచ్చిని చూస్తూ, ఒకదాని తర్వాత ఒకటి పక్కకు జరిపింది. చివరికి ఒకటి మిగిలింది. కొట్టాయన విసుక్కోలేదు, ఆయన కూడా వంగి చూస్తున్నాడు. "ఇదే తల్లీ, ఇదే సరిగ్గా దాని రంగు" అన్నాడు. వచ్చే దారిలో పురుగును తడి మట్టి ఉన్నచోట వదిలిపెట్టించింది. పుణ్యానికి పిలిచి పాపానికి పంపొద్దు అంది.

రంగుల విషయంలో ఆమెకు గట్టి అభిప్రాయాలు ఉండేవి. నీలం దగ్గరికి రానిచ్చేది కాదు. "మొగులే నీలం పట్టి ఉన్నది. మల్ల దర్వాజకు నీలమెందుకు బిడ్డా?" అనేది. బూడిద రంగూ, వంకాయ రంగూ వద్దు. తంగేడు పసుపు కావాలి, బంతి నారింజ కావాలి, చిలకాకుపచ్చ కావాలి. తంగేడు పూసేటందుకు ఇంకా నెలలున్నాయి, బతుకమ్మ దాకా ఆగలేం కాబట్టి ఇప్పుడే ఇంట్లో పూయించుకోవాలి అన్నట్టు ఉండేది ఆమె పద్ధతి.

ఎరుపు ఆకు చుట్టూ తప్పకుండా పసుపు అంచు పెట్టేది. ఎందుకని అడిగితే సందెపొద్దున నన్ను వాకిట్లో నిలబెట్టి చూడమంది. వెలుతురు తగ్గుతున్నకొద్దీ ఎరుపు ముందుగా నల్లబడింది. పక్కనున్న ఆకుపచ్చ ఇంకా ఆకుపచ్చగానే ఉంది. పసుపు అన్నిటికంటే చివరిదాకా కనపడింది. "ఎరుపు పొద్దుగూకంగనే నిద్రపోతది. పసుపే మేలుకుని ఉంటది. దానికి తోడు పెట్టాలె" అంది. కాలేజీలో సైన్సు చదివేటప్పుడు, మసక వెలుతురులో మన కన్నుకు ఎరుపు ముందుగా నల్లబడుతుందని, దానికి పుర్కింజీ ప్రభావం అని పేరుందని తెలిసింది. నేను ఆ పేజీ దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఆమె దాన్ని ముసురు చీకట్లో తన దర్వాజ చూసి కనిపెట్టింది.

* * *

ఊలు లచ్చిని ఉండ చుట్టేటప్పుడు ఒకరి రెండు చేతులు కావాలి. ఆ చేతులు నావి. లచ్చిని రెండు మణికట్లకు తగిలించుకుని, చేతులు మరీ చాచకుండా మరీ దగ్గరికి తేకుండా, పోగు వదిలే వైపుకు మెల్లగా వంచుతూ ఉండాలి. పెద్దమ్మ ఎదురుగా కూర్చుని చుట్టేది. బిగించి చుట్టదు. బిగిస్తే ఊలు సాగి, అల్లాక ముడుచుకుంటుందని మూడు వేళ్ళు లోపల పెట్టి చుట్టి, వేళ్ళు తీసేసేది. ఆ లచ్చి అయిపోయేదాకా కదలడానికి లేదు కాబట్టి అప్పుడే కథలు. వాళ్ళ అవ్వ కాలంలో మగ్గం ఎట్లా ఉండేది, పెద్దబాపు పెళ్ళిచూపులకు వచ్చి ఏం మాట్లాడాడు, గొంగడి నేసే కురుమ వాళ్ళు పడుగుకు చింతగింజల గంజి పెడతారు కాబట్టే గొంగడి అంత గట్టిగా ఉంటుందని, ఇట్లాంటివి. మా ఇంటికి పాలు పోసే కురుమ ఆమె గొర్రెల బొచ్చు కత్తిరించినప్పుడు గుప్పెడు నల్ల ఉన్ని తెచ్చి ఇచ్చేది. దాన్ని తొడ మీద పెట్టి పేనడం కూడా ఆ కథల మధ్యే చూశాను.

కరెంటు పోయేది. కందిలి వెలిగించేవాళ్ళు. కందిలి పక్కన కుంపటి, కుంపటి మీద మక్క కంకులు. ఒక్కో రోజు సర్వపిండి. గిన్నెకు అద్దిన పిండిలో వేలితో బొక్కలు పొడిచి నూనె వేస్తే, అది కాలుతున్న వాసనకు పక్కింటి వాళ్ళు కూడా చీర కొంగు నెత్తిన వేసుకుని వచ్చేసేవారు. వచ్చినవాళ్ళు ఖాళీగా కూర్చోలేరు కదా, వాళ్ళ చేతికి ఒక పని. పిల్లలకు బంతులు చేసే పని. పాత శుభలేఖల అట్టలు గుండ్రంగా కత్తిరించి, నడుమ బొక్క పెట్టి, రెండు అట్టలు జోడించి, వాటి చుట్టూ ఊలు చుట్టి చుట్టి నింపాలి. నిండాక అంచు పొడుగునా కత్తెరతో కోసి, రెండు అట్టల నడుమ దారం బిగించి కట్టి, అట్టలు చింపేస్తే బంతి. కత్తెర పట్టే హక్కు పెద్దమ్మకే. మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. ఊలు విచ్చుకుని ఒక్కసారిగా గుండ్రంగా అయ్యేది. అది ఎన్నిసార్లు చూసినా కొత్తే.

ఎవరెవరి పెళ్ళి శుభలేఖలో వాటి మీద ఇంకా పేర్లు సగం కనపడుతుండేవి.

అద్దం బిళ్ళలు లంబాడీ ఆడవాళ్ళ దగ్గర కొన్నవి. అంగడికి వచ్చినప్పుడు వాళ్ళ కుట్టుపని చూసి ముచ్చటపడి అడిగి నేర్చుకుంది. పగలు వాటి అవసరం తెలియదు. రాత్రి కందిలి పట్టుకుని ఎవరన్నా వాకిట్లోంచి లోపలికి వస్తే, అన్ని బిళ్ళలూ ఒక్కసారి మెరిసేవి. పెద్దబాపు దానికోసమే ఒకటికి రెండుసార్లు బయటికి పోయి వచ్చేవాడని నా అనుమానం.

* * *

హంసల సంగతి. ఒక ఏడు కాస్త తెరిపి ఇచ్చిన రోజున పెద్దమ్మ మమ్మల్ని ఖిల్లాకు తీసుకుపోయింది. నాలుగు దిక్కులా నిలబడిన కాకతీయుల రాతి తోరణాలు, నడుమ కూలిపోయిన స్వయంభూ శివాలయం రాళ్ళు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వ ముద్రలో ఉన్న కళాతోరణం అదే. తడిసిన రాయి మామూలు కంటే నల్లగా ఉంది. తామర మొగ్గలు, దండలు, ఆకుల్లాంటి తోకలున్న పక్షులు. పైన చివర్లలో హంసలు. మేం రాళ్ళ మధ్య ఆడుతుంటే ఆమె మాత్రం మెడ పైకెత్తి నిలబడే ఉంది. మళ్ళీ తుంపర మొదలైనా కదల్లేదు. "ఎన్ని వానలు కురిసినయో దీని మీద, ఒక్క మొగ్గ రాలలే" అంది. ఇంటికి రాగానే బొగ్గు ముక్కతో మగ్గం గది గోడ మీద హంస గీసింది. మెడ వంపు దగ్గర ఎన్ని కుట్లు తగ్గించాలి, ఎక్కడ మళ్ళీ పెంచాలి అని రోజుల తరబడి లెక్కలు. విప్పుతుంది, అల్లుతుంది. ఒక హంస మెడ సన్నంగా కుదిరింది. రెండోది కొంచెం లావు. అది ఆడహంస, ఇది మగహంస అని మేం పేర్లు పెట్టుకున్నాం. లావు మెడది చూస్తే ఇప్పటికీ నాకు ముద్దే.

* * *

అజాంజాహి మిల్లు సైరన్ గురించి చెప్పకుండా ఆ రోజులు పూర్తి కావు. 1934లో ఏడో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది. వరంగల్‌లో గడియారం లేని ఇళ్ళన్నీ ఆ సైరన్‌తోనే నడిచేవి. బియ్యం ఎసట్లో పోసేది సైరన్‌కే, పిల్లల్ని బడికి తోలేది సైరన్‌కే. ముసురులో సూర్యుడు లేడు కాబట్టి ఇంకా ఎక్కువ. "సైరన్ కూసేలోపల ఈ ఆకు దించాలె" అని పెద్దమ్మ సూదులు కదిపేది. మా చిన్నబాపు అందులోనే పనిచేసేవాడు. షిఫ్టు దిగి తడుస్తూ వచ్చి, నెత్తి మీద సంచి తీస్తూనే దర్వాజ వైపు చూసి "ఇయ్యాల ఎన్ని ఆకులైనయి వదినె?" అని అడిగేవాడు.

1990లో మిల్లు మూతపడింది. మా వాడలోనే ఎన్నో ఇళ్ళు దాని మీద ఆధారపడినవి. ఆ తర్వాత వచ్చిన వానాకాలం చాలా కష్టంగా గడిచింది. ముసురు పట్టింది, మగ్గాలు ఆగాయి, సైరన్ కూడా లేదు. పొద్దెటు పోతుందో తెలియని రోజులు. చిన్నబాపు అరుగు మీద కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేవాడు.

ఆ ఏడు పెద్దమ్మ తన దర్వాజకు కొత్త తోరణం అల్లలేదు. ఉన్న ఊలంతా ముందేసుకుని, మూడు ఆకులు రెండు బంతులతో చిన్న చిన్న తోరణాలు మొదలుపెట్టింది. పక్కింటి ఆడవాళ్ళు వచ్చి చేరారు. మిల్లు పని పోయిన ఇంటింటికీ ఒకటి. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్ళు. ఇంతమంది చేతుల్లో అల్లినవి కాబట్టి ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా, ఏ రెండూ ఒక్కలా లేవు. అన్నిటికీ పసుపు అంచు మాత్రం ఉంది, ఆ విషయంలో ఆమె ఊరుకోలేదు.

ఇవ్వడానికి పోయినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఒకాయన తలెత్తకుండానే, "పని పోయి నేనేడుస్తుంటే దర్వాజకు పువ్వులెందుకక్కా?" అన్నాడు. పెద్దమ్మ గడపలోనే నిలబడి, "పండుగని కాదు తమ్మీ. ఇల్లు చీకటున్నది. పిల్లలున్నరు గద లోపల" అంది. ఆయన లేచి వచ్చి మేకు తనే కొట్టాడు. ఆ వారంలో వాడ మలుపులో నిలబడి చూస్తే, బూడిద రంగు గోడల మధ్య దర్వాజ దర్వాజకు ఎరుపూ పసుపూ కనపడేది. వాటి వల్ల ఎవరికీ ఉద్యోగం తిరిగి రాలేదు. కానీ ఆ వాడ నుంచి నడిచొచ్చిన మనుషులం ఎవరం ఎక్కడ కలిసినా మిల్లు మాట వచ్చాక తోరణాల మాట వస్తుంది. చిన్నబాపు చివరి రోజుల్లో కూడా దాని గురించే మాట్లాడాడు.

* * *

ఇప్పుడు అంగట్లో ప్లాస్టిక్ తోరణాలు దొరుకుతాయి. చవక, కడిగితే శుభ్రం అవుతాయి. వాటిని తక్కువ చేసి మాట్లాడను, కానీ ముసురుకు అవి పనిచేయవని నా నమ్మకం. ప్లాస్టిక్ మెరవడానికి వెలుతురు కావాలి. వెలుతురు లేని రోజున అది కూడా చల్లగా, తడిగా కనపడుతుంది. ఊలు మెరవదు. దాని రంగు పోగు లోపలిదాకా ఉంటుంది, మబ్బు వెలుతురులో ఇంకా చిక్కగా కనపడుతుంది. ఎవరికన్నా అనుమానం ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి సాయంత్రం పూట చూడండి.

వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తవాడలో మగ్గాలు ఇంకా ఉన్నాయి, కానీ మా పెద్దమ్మ ఇంట్లో లేవు. గుంట పూడ్చి బండలు పరిచారు. నేను హన్మకొండలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. జూలై వచ్చి మొగులు దిగగానే సూదులు తీస్తాను. మా అంతస్తులో ఎదురింటి అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని, ముసురులో రోజంతా లైట్లు వేసుకుని కూర్చుని దిగాలుగా ఉంటోంది. ఒకరోజు నా తలుపు చూసి ఆగింది. "ఆంటీ, ఇది నేర్చుకోవాలంటే టైం పడుతుందా?" అంది. ఇప్పుడు రెండు ఆకులు అయ్యాయి ఆమెవి. నీలం పెడతానని పట్టుబడుతోంది, నేను ఒప్పుకోవట్లేదు.

పెద్దమ్మ లెక్క ఎక్కడా కాగితం మీద లేదు. ఆమె చెప్పిన మాటల్లోనే ఇక్కడ పెడుతున్నాను, ఎవరికన్నా పనికొస్తుంది.

"8 నంబరు సూది తీసుకో బిడ్డా. మూడు కుట్లతోని మొదలువెట్టు. ఉల్టా లేదు, అన్ని సీదాలే. ఏ వరుస మొదలువెట్టినా మొదటి కుట్టుల రెండుసార్లు అల్లు, అప్పుడు వరుసకొక కుట్టు పెరుగుతది. ఇరవై అయిదు కుట్లయినంక దించెయ్యి. అదే ఆకు. ఆకు ఇంక కోసుగ కావాల్నంటే వరుస ఇడిసి వరుస పెంచు. మొదలు పోగు జానెడు వదులు, దానికే బంతి కడ్తం. మూడు రంగులు మూడు పాయలు జేసి జడ అల్లు, దానికి నాలుగు వేళ్ళ సందు ఇచ్చి ఆకులు కుట్టు. మామూలు దర్వాజకు అయిదు ఆకులు సాలు. మామిడాకుల తోరణం ఉంటె దానికి రెండు వేళ్ళు లోపలికి కట్టు, దాని నీళ్ళు దీని మీద పడొద్దు. ముసురు పోయినంక ఎండల బాగ ఆరనిచ్చి, అప్పుడు సందూకల పెట్టు. తేమ మీద పెడితే పురుగు కొడ్తది."